పడవ మీది పుస్తకం నుంచి పరీక్షల కుర్చీ దాకా

కృష్ణా డెల్టాలో బస్సుల కన్నా పడవలు ఎక్కువగా తిరిగిన కాలం అది. వడ్లు, బెల్లం, పెళ్లివారు, పుట్టింటికి వెళ్లే ఆడపడుచులు, అందరికీ కాలువే దారి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ ఊరి నుంచి ఊరికి మెల్లగా సాగేది. 1935లో తెనాలి ప్రాంతపు కాలువలోకి ఒక కొత్త పడవ వచ్చింది. దాని సరుకు పుస్తకాలు, పత్రికలు. గట్టు వెంబడి ఊళ్లకూ, గంటల తరబడి పడవల్లో కూర్చునే ప్రయాణికులకూ చదువుకోవడానికి ఏదో ఒకటి అందించాలన్నది పాతూరి నాగభూషణం ఆలోచన. పెదపాలెంలో సేవాశ్రమం పెట్టి, బతుకంతా గ్రంథాలయాలకే ధారపోసిన మనిషి ఆయన.

ఈ పడవ సంగతి గ్రంథాలయ వారోత్సవాల ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. విని, చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేస్తాం. చదివేవాడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వాడి దగ్గరికి వెళ్లాలన్న ఆనాటి పట్టుదలను మాత్రం పట్టించుకోం. ‘ఫోన్లోనే అన్నీ ఉన్నాయి, ఇంకా లైబ్రరీలు దేనికి?’ అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు కూడా అదే. తెలుగునాట గ్రంథాలయం ఏ కాలంలోనూ ఒకే పని పట్టుకొని కూర్చోలేదు. జనానికి ఆ రోజు ఏది కరువైతే దాన్ని ఇవ్వడానికి పూనుకుంది.

మొదటి కరువు అక్షరానిదే. 1911 నాటికి మద్రాసు రాజధానిలో నూటికి తొంభై మందికి పైగా చదువు రానివాళ్లు. అలాంటి చోట పుస్తకాలు తెచ్చి బీరువాలో పెడితే ఎవరికి ఉపయోగం? అందుకే గ్రంథాలయాల వాళ్లు పత్రిక తెచ్చి అరుగు మీద కూర్చుని పైకి చదివి వినిపించారు. రాత్రి బడులు పెట్టారు. గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టి ఊరూరా నడిచారు. దీనికంతటికీ ఇరుసుగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసం విని దేశం పనిలోకి దిగిన కుర్రవాడు. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులంతా కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. దేశంలో ఇలాంటి సంఘాల్లో అదే మొదటిది. కొద్దికాలానికే ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రిక కూడా వచ్చింది. స్వరాజ్య పత్రిక రాతలకు జైలుకు వెళ్లొచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఈ ఉద్యమంలోకి వచ్చాక వయోజన విద్య, గ్రంథాలయం రెండూ ఒకే పనిగా సాగాయి.

చీరాల పక్కన నేతగాళ్ల ఊరు వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పుట్టింది. 1929లో గాంధీజీ వచ్చి దాని కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఇవాళ పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లే చోట్లలో అది ముందుంటుంది. ఊరి కుర్రాళ్లు పెట్టుకున్న పఠన మందిరం వందేళ్లకు ఒక జాతి జ్ఞాపకాన్ని దాచే చోటైంది. పెట్టినవాళ్లు ఇంత దూరం ఊహించి ఉండరు.

నిజాం రాజ్యంలో కథ వేరు. అక్కడ కరువు అక్షరానిది మాత్రమే కాదు, తెలుగుది కూడా. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. ఇంట్లో మాట్లాడే భాషకు ఇంటి బయట నిలబడే చోటు లేదు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు తన ఇంట్లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి చోటిచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఆయనకు తోడు నిలిచారు. తర్వాత మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, ఆ మరుసటి ఏడు సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధిని గ్రంథాలయం వచ్చాయి. పేర్లలోనే ‘భాష’ను పెట్టుకున్నారంటే ఆ ఆరాటం అర్థమవుతుంది.

సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 హుకుం జారీ చేసిన రాజ్యం అది. అలాంటి రోజుల్లో నలుగురు కూర్చుని పత్రిక చదువుకోవడమే పెద్ద సాహసం. తెలుగు వాచకం కోసం వచ్చిన కుర్రాడు కాస్త పెద్దయ్యేసరికి దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకునేవాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి, ఆ సభకు వచ్చి కూర్చోగల మనుషుల్ని తయారు చేసిన వాటిలో గ్రంథాలయాలది పెద్ద వాటా.

వట్టికోట ఆళ్వారుస్వామిని ఇక్కడ తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. నల్లగొండ జిల్లాలో పేదింట్లో పుట్టాడు. వంట చేశాడు, హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు, ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేయించడమే కాదు, వాటిని తానే మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మాడు. కోస్తాలో పడవ చేసిన పనిని తెలంగాణలో ఒక మనిషి భుజం చేసింది. ఏ ప్రభుత్వమూ ఆయనకు జీతం ఇవ్వలేదు, ఏ సంస్థా ఆయనను నియమించలేదు. మన గ్రంథాలయ చరిత్రలో నాకు అందరికన్నా ఎత్తుగా కనిపించే మనిషి ఆళ్వారుస్వామే.

స్వరాజ్యం వచ్చాక చట్టాలు వచ్చాయి. విద్యామంత్రి అవినాశలింగం చెట్టియార్ పూనికతో, ఎస్.ఆర్.రంగనాథన్ రాసిన ముసాయిదా ఆధారంగా మద్రాసు రాష్ట్రం 1948లో పౌర గ్రంథాలయాల చట్టం చేసింది. హైదరాబాద్ రాష్ట్రం 1955లో మరొకటి తెచ్చింది. రెండింటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ 1960లో ఒకే చట్టం చేసుకుంది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు, చిన్న ఊళ్లకు పుస్తక నిక్షిప్త కేంద్రాలు. ఖర్చుకు ఇంటి పన్ను మీద సెస్సు. ఆ సెస్సు ఇప్పుడు రూపాయికి ఎనిమిది పైసలు. దీంతో లైబ్రేరియన్‌కు జీతం, పత్రికలకు చందా స్థిరపడ్డాయి. ఊరివాళ్ల చేతిలోంచి గ్రంథాలయం సర్కారు చేతిలోకి వెళ్లిపోయింది కూడా. చందాలు వసూలు చేసి, తలుపులు తీసి, ఊడ్చి, పుస్తకాలకు అట్టలు వేసిన కుర్రాళ్లు మెల్లగా పక్కకు జరిగారు. చట్టం లేకపోతే చాలా గ్రంథాలయాలు ఆ తరంతోనే మూతపడేవి. కానీ ‘ఇది మాది’ అనే మమకారాన్ని ఏ చట్టమూ తిరిగి తేలేకపోయింది.

ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు వారపత్రికలవి, నవలలవి. సాయంత్రం తలుపులు తెరవకముందే మెట్ల మీద జనం. దినపత్రికను పేజీలు విడదీసి నలుగురు పంచుకోవడం, సీరియల్ వచ్చిన వారపత్రిక కోసం వంతు కాచుకోవడం మన తల్లిదండ్రులకు బాగా తెలుసు. టీవీ వచ్చింది, ఫోన్ వచ్చింది, ఆ గుంపు పలచబడింది.

అయితే ఇవాళ హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పొద్దున్నే వెళ్తే తప్ప కూర్చోవడానికి చోటు దొరకదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కో, డీఎస్సీకో, ఎస్సై పరీక్షకో చదువుతున్న పాతికేళ్ల పిల్లలు. ఒళ్లో అట్ట, పక్కన మంచినీళ్ల సీసా, సంచిలో టిఫిన్ డబ్బా, రంగు పెన్నులతో గీతలు పడ్డ కరెంట్ అఫైర్స్ పుస్తకం. హాల్లో చోటు చాలకపోతే చెట్టు కింద, మెట్ల మీద. జిల్లాల్లో కొన్ని చోట్ల ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకొని మరీ చదువుతారు. నోటిఫికేషన్ వస్తే ఒకరికొకరు చెప్పుకుంటారు, వాయిదా పడితే కలిసి బాధపడతారు.

వీళ్లను చూసి పెదవి విరిచే పెద్దలున్నారు. ‘వీళ్లు పాఠకులా? లైబ్రరీ పుస్తకం ఒక్కటైనా ముట్టుకుంటారా? గైడ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటారు’ అంటారు. నేను ఒప్పుకోను. మరో ముగ్గురితో కలిసి ఒకే గదిలో అద్దెకుండే పిల్లకు ఇవాళ కరువైనది పుస్తకం కాదు. కూర్చునే చోటు, వెలుతురు, ఫ్యాను, ఎవరూ లేచిపొమ్మనని నిశ్శబ్దం. ప్రైవేటు స్టడీ హాలు అవే వసతులను నెలకింతని అద్దెకిస్తుంది. గ్రంథాలయం ఉచితంగా ఇస్తుంది. వయోజనులకు అక్షరాలు నేర్పడం ఆనాటి గ్రంథాలయానికి ఎంత సహజమైన పనో, పేదింటి అమ్మాయికి ఉద్యోగం వచ్చేదాకా కుర్చీ ఇవ్వడం ఈనాటి గ్రంథాలయానికి అంత సహజమైన పని. ఆ కుర్చీ పక్కనే మంచి నవల ఒకటి చేతికి అందేలా పెట్టగలిగితే లైబ్రేరియన్ పని ఇంకా పండుతుంది.

మరో మార్పు కంటికి కనిపించదు. పాత పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందించే పని ఈ శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. మన తెలుగువాడే అయిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకం, దానిలో భాగంగా వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలను తెర మీదికి తెచ్చాయి. తర్వాత ఆ సైటు మూతపడినా, అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి బతికాయి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని అక్షరం అక్షరం సరిచూసి వెతుక్కోవడానికి వీలుగా మారుస్తున్నారు. డల్లాస్‌లో ఉన్న తెలుగు పిల్లవాడు తాతగారు చదివిన పుస్తకాన్ని ఇవాళ పైసా ఖర్చు లేకుండా తెరిచి చూడగలడు.

అయితే తెర మీద కనిపించే ప్రతి పేజీ ఏదో ఒక ఊళ్లో ఎవరో చెదలు పట్టకుండా కాపాడిన కాగితమే. వానకారే పైకప్పు కింద మగ్గుతున్న పాత సంపుటాలు స్కానర్ దాకా రాకుండానే పొడి అయిపోతే ఇంటర్నెట్ ఏమీ చేయలేదు. అందుకే డిజిటల్ గ్రంథాలయం వచ్చింది కాబట్టి ఊరి గ్రంథాలయం అక్కర్లేదన్న వాదన తలకిందుల వాదన.

అన్నిటికన్నా నాకు కలత కలిగించేది పిల్లల సంగతి. ఉద్యోగం కోసం చదివేవాళ్లతో హాళ్లు నిండుతున్నాయి కానీ, బడి వదిలాక బొమ్మల కథల పుస్తకం కోసం పరిగెత్తి వచ్చే పదేళ్ల పిల్లలు ఎక్కడో గానీ కనిపించడం లేదు. చిన్నప్పుడు అటు రాని పిల్ల పాతికేళ్లకు పరీక్ష కోసమే వస్తుంది, ఉద్యోగం రాగానే మానేస్తుంది. పిల్లలకు ప్రత్యేకంగా ఒక మూల, వారానికి ఒక కథ చెప్పే గంట, అందుకు ఓపిక ఉన్న మనిషి ఉంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు.

కానీ మనిషే లేడు. రిటైరైన లైబ్రేరియన్ల స్థానంలో కొత్తవాళ్లు రాక, ఒక్కరే రెండు మూడు శాఖలు చూసుకునే పరిస్థితి చాలాచోట్ల ఉంది. ప్రజల నుంచి వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. అది దానం కాదు, దయ కాదు. గ్రంథాలయం కోసమే అని చెప్పి తీసుకున్న డబ్బు.

కాబట్టి పాఠకులకు నా విన్నపం. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదు ఒకసారి చదవండి. గ్రంథాలయ సెస్సు కింద మీరెంత కట్టారో చూడండి. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు చేరిందా అని మీ పంచాయతీనో, మున్సిపాలిటీనో కాగితం మీద రాసి అడగండి. ఆ ఆదివారమే మీ ఇంట్లో పదేళ్ల పిల్ల ఎవరైనా ఉంటే చేయి పట్టుకొని దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లి, డిపాజిట్ కట్టి, తన పేరున సభ్యత్వం తీసుకోండి.