దుబాసి యంత్రము

మార్కాపురపు పలక లేని బడి మన సీమలో నొకప్పు డరుదు. ఆ పలకపై ఉదయమున ఓనమాలు, మధ్యాహ్నమున ఎక్కములు వ్రాసితిమి. పలక యొక్కటే, చదువులు పెక్కు. తగిన ఆజ్ఞలు వ్రాసియిచ్చినచో ఒకే గణనయంత్రము తక్కిన యే గణనయంత్రము చేయు పనినైనను చేయగలదని 1936లో ఆంగ్లేయ గణితవేత్త అలన్ ట్యూరింగు చూపెను. నేడు చేతిఫోనులోని ఆటలును యాపులును బల్లమీది కంప్యూటరుపై నడచుటకు మూలమిదియే.

అయినను చిక్కొకటి కలదు. ఫోనులలో సాధారణముగ ఆర్మ్ అను జాతి ప్రాసెసరుండును. బల్లమీది యంత్రములలో పెక్కింట ఇంటెల్ జాతిది. ఒకదాని భాష రెండవదానికి తెలియదు. కుంఫిణీ కాలమున దొరకును రైతునకును నడుమ దుబాసి నిలిచినట్లు, ఇచట ఎమ్యులేటరు అను ప్రోగ్రాము నిలిచి ఆజ్ఞలను మార్చి చెప్పును. అంతేకాదు, మౌసు నొక్కినపుడు దానినే వ్రేలి తాకిడిగ చూపి, తాను ఫోనులోనే యున్నానని యాపును నమ్మించును. దుబాసికి కూలి యీయక తప్పదు: యంత్రమునకు జ్ఞాపకమును వేగమును చాలకున్న ఆట తడబడును.

ఈ విద్య క్రొత్తది కాదు. 1964లో ఐ.బి.యం. వారు సిస్టం 360 అను యంత్రశ్రేణిని ప్రకటించిరి. తమ పాత 1401 యంత్రమునకై వ్రాయించుకొన్న లెక్కల ప్రోగ్రాములను పారవేయుటకు కొనుగోలుదారు లొప్పరని యెరిగి, క్రొత్తదానిచేత పాతదానివలె పని చేయించిరి. పాత దస్తావేజులు చెల్లవన్నచో క్రొత్త కచ్చేరి కెవడు పోవును?

ఫోనుల విషయమున, 2009లో అమెరికాలో రోజెన్ శర్మ ప్రభృతులు బ్లూస్టాక్సు సంస్థను స్థాపించి, 2011లో తొలి ప్రయోగరూపమును విడుదల చేసిరి. పిమ్మట పబ్జీ ఆట ప్రబలినపుడు తగవు పుట్టెను. మీటలును మౌసును గలవాడు వ్రేలితో నాడువానికంటె సులువుగ గురిపెట్టును గదా! అందుచే ఎమ్యులేటరుపై నాడువారిని వేరు బంతిగ కూర్చిరి. అది న్యాయమే. ఆ ఆటను మన ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించుట వేరు కథ.

మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ల పూర్వులది అనంతపురము జిల్లా బుక్కాపురము. మన మార్కాపురపు సీమతోపాటు 1800లో కుంఫిణీకి దత్తమైన మండలమే. ఆయన యేలుబడిలో 2021లో వెలువడిన విండోసు 11కు, ఆండ్రాయిడు యాపులను నడపు దుబాసిని ఆ సంస్థయే స్వయముగ చేర్చెను. యాపులు అమెజాను అంగడినుండి వచ్చెడివి. మూడేండ్లు పూర్తిగ నిండకయే కొలువు చాలింతుమని 2024 మార్చిలో చాటి, 2025 మార్చి 5వ తేదీన చాలించిరి.

ఇది నాకు రుచింపలేదు. చూపు మందగించిన వృద్ధుడొకడు ఫోనులోని పంచాంగమును పెద్దతెరపై చదువ నలవాటుపడి యుండినచో, వాని యవసర మెవరు విచారించిరి? 2022లో గూగులువారు ప్రయోగముగ నారంభించిన యేర్పాటు ఆటలకొరకు పుట్టినది. పంచాంగము చదువదలచిన యా వృద్ధుడు తిరిగి బ్లూస్టాక్సువంటి పాత దుబాసీల గుమ్మమే త్రొక్కవలెను.