ఎండపొడ చెప్పిన టైమ్: కాకినాడ పాత ఇళ్లు, మన ఫోన్ కెమెరా

ఈ ఎపిసోడ్ కాకినాడ జగన్నాథపురం నుంచి. నా వెనకాల ఆకుపచ్చ నెట్ కట్టిన బిల్డింగ్ కనిపిస్తోంది కదా, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. రెండేళ్ల కిందటి వరకు అక్కడ మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇల్లు ఉండేది.

కిందటి నెల అమ్మమ్మ నన్నో మాట అడిగింది. "ఒరే నాన్నా, అస్తమానం ఆ ఫోన్ పట్టుకునే తిరుగుతావు కదా, మన మండువాలో వంటింటి వైపు స్తంభం ఉండేది, దాని ఫోటో ఓసారి చూపించు" అంది. వెతికాను. ఆ ఇంట్లో తీసిన ఫోటోలు మూడొందల పైనే ఉన్నాయి. అన్నీ మా మొహాలే. పుట్టినరోజులు, సంక్రాంతి, మావయ్య పెళ్లి. స్తంభం లేదు. గుమ్మం మీద చెక్కిన చిలకలు లేవు. దీపం గూడు లేదు. చిన్నప్పుడు నేను తల కొట్టుకున్న గడప కూడా లేదు. "లేదు అమ్మమ్మా" అని చెప్పడానికి సిగ్గేసింది.

అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం. పాత కట్టడాల్లో చిన్న చిన్న పనితనం, దాని మీద పడే వెలుగు, వాటిని ఫోన్‌లో ఎలా దాచుకోవాలి. ముందు కొంచెం చరిత్ర చెప్తాను. ఎందుకంటే, చూసి చూసి పోగొట్టుకోవడం మనకి కొత్త కాదు.

ఇక్కడి నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి వస్తుంది. ఇవాళ మనకి కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు. కానీ ఒకప్పుడు అది పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. బర్మా, మలయా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడివాళ్లు కోరంగీలు అనే పిలిచేవాళ్లు, అంత పేరున్న ఊరు. 1789లో ఒకసారి తుపాను ముంచింది. మళ్లీ 1839 నవంబరులో ఇంకో తుపాను వచ్చి రేవుని కోలుకోకుండా చేసింది.

ఇప్పుడు ఇంకో తేదీ గుర్తు పెట్టుకోండి. 1839 ఆగస్టు. పారిస్‌లో డాగెర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని ప్రపంచానికి ప్రకటించింది అప్పుడే. అంటే కెమెరా బయటకి వచ్చిన మూడు నెలలకే కోరంగి పోయింది. కెమెరా మన దేశానికి చేరేసరికి ఆ ఊరి ఇళ్లు, గిడ్డంగులు, ఓడల కొట్టాలు ఎలా ఉండేవో తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. కోరంగి వాళ్లకి ఫోటో తీసుకునే అవకాశమే లేదు. మనకి జేబులో ఉంది.

కోరంగి పోయాక వ్యాపారం కాకినాడకి వచ్చింది. నేను నిల్చున్న ఈ జగన్నాథపురం అంతకుముందు డచ్చివాళ్ల స్థావరం, 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవల్లో పడవలు తిరగడం మొదలైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే, మన వైపు పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు కళకళలాడింది. ఉప్పుటేరుకి రెండు పక్కలా గిడ్డంగులు, పెంకుటిళ్లు, మేడలు లేచాయంటే వెనక ఆ రేవు డబ్బు ఉంది. కాబట్టి ఒక పాత గుమ్మం పోతే కర్ర ముక్క పోయినట్టు కాదు, ఊరు ఎలా బతికిందో చెప్పే సాక్ష్యం ఒకటి పోయినట్టు.

సాక్ష్యం అనే మాట ఊరికే అనట్లేదు. అమరావతి స్తూపం సంగతి చూడండి. 1790ల చివర్లో అక్కడ దిబ్బ తవ్వి రాళ్లు తీసుకెళ్లడం మొదలైంది. కొన్ని వేరే కట్టడాల్లోకి పోయాయి, చాలా శిల్పాలు సున్నం కోసం కాల్చేశారు. కాలిన్ మెకంజీ 1816లో మనుషుల్ని పెట్టి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు, ఆ బొమ్మలే మిగిలాయి. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకి పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఆరుబయటే పడున్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే ఫోటోగ్రాఫర్ వాటిని ఫోటో తీశాడు. ఆ మరుసటి ఏడే ఆ రాళ్లు లండన్‌కి ఓడెక్కాయి. అవి మద్రాసులో ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇవాళ చూడగలుగుతున్నాం అంటే ఆయన పెద్ద కెమెరా మోసుకొచ్చి, కదలకుండా నిలబెట్టి తీసినందుకే. మనకి బటన్ నొక్కితే సరి.

సరే, చరిత్ర అయింది. ఇప్పుడు వెలుగు దగ్గరకి వద్దాం.

మండువా ఇల్లు చూడనివాళ్ల కోసం చెప్తాను. ఇంటి మధ్యలో నలుచదరంగా ఆకాశం కనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచి పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన కూడా ఇంట్లోకే పడుతుంది, ఎండ కూడా ఇంట్లోకే పడుతుంది. పొద్దున్న ఎండపొడ పడమటి వైపు పడి, పొద్దెక్కే కొద్దీ జరుగుతూ సాయంత్రానికి తూర్పు వైపుకి చేరుతుంది. మా అమ్మమ్మ గడియారం చూసి వంట మొదలెట్టేది కాదు. "ఎండ స్తంభం మొదలుకి వచ్చింది, ఎసరు పెట్టాలి" అనేది. అంటే ఆ స్తంభం ఆవిడకి గడియారం. నన్ను అడిగింది గడియారం ఫోటో!

ఇక్కడ కాకినాడకి ఒక ప్రత్యేకత ఉంది. మన దేశం మొత్తానికి టైమ్‌ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం లెక్కేస్తారు, 1906 నుంచి. ఆ గీత కాకినాడకి బాగా దగ్గర్లోంచి వెళ్తుంది. ముంబైలో ఫోన్ 12 చూపించినా సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకా అరగంట పైనే పట్టొచ్చు. కాకినాడలో ఏడాది పొడుగునా పావుగంట అటూ ఇటూ, అంతే తేడా. ఇంకోటి, మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే ఉండిపోతుంది. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకి వాలి ఉంటాడు. ఉత్తరం గోడ మీద శిల్పాలకి మధ్యాహ్నపు ఎండ తగిలేది అప్పుడే. మిగతా నెలల్లో ఆ వేళకి నీడలోనే ఉంటాయి. ట్రిప్ ప్లాన్ చేసుకునేటప్పుడు ఇది చూసుకోండి.

ఒక రోజు టైమ్ దొరికితే సామర్లకోట వెళ్లండి. కుమారారామ భీమేశ్వరాలయం, తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడి పేరుతో ముడిపడ్డ గుడి. ఆయన పాలన 892 నుంచి 922 వరకు. శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది. చైత్ర, వైశాఖాల్లో సూర్యకిరణాలు స్వామిని తాకుతాయని అక్కడివాళ్లు చెప్తారు. గర్భగుడిలో ఫోన్ తీయకండి, అక్కడ దండం పెట్టుకోవడమే. బయట ప్రాకారంలో, మండపంలో మాత్రం కాసేపు కూర్చుని వెలుగు ఎలా తగ్గుతూ లోపలికి వెళ్తుందో గమనించండి. ఎండలోంచి నీడలోకి, నీడలోంచి దీపం దగ్గరకి. ఆ చీకటి కూడా కట్టడంలో భాగమే.

మన ఫోన్ ఏం చేస్తుందంటే, చీకటి కనిపించగానే దాన్ని తెల్లగా చేసేస్తుంది. హెచ్‌డీఆర్, నైట్ మోడ్ అన్నీ కలిపి మండపాన్ని ట్యూబ్‌లైట్ వేసిన హాల్‌లా చూపిస్తాయి. అందుకని స్క్రీన్ మీద వెలుగున్న చోట వేలు పెట్టి, కొంచెం కిందకి జరపండి. నీడ నీడలా ఉంటుంది. ఫ్లాష్ అసలు వద్దు. అది ఎదురుగా కొట్టి చెక్కడం అంతా చదును చేసేస్తుంది.

చెక్కడాలు, శాసనాలు తీయాలంటే నీరెండ వేళ వెళ్లాలి. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్క నుంచి వాలుగా పడితే ప్రతి గీతకీ ఒక చిన్న నీడ వస్తుంది. అరిగిపోయిన అక్షరం కూడా లేచి కనిపిస్తుంది. సామర్లకోట నుంచి రాజమండ్రి రైలెక్కితే బిక్కవోలు వస్తుంది, అక్కడి చాళుక్యుల గుళ్ల గోడల మీద ఇది ట్రై చేయండి. మధ్యాహ్నం తీసిన ఫోటో, సాయంత్రం తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే గోడ అంటే నమ్మరు.

ఇంక పాత ఇళ్ల సంగతి. నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఒక పద్ధతి చెప్తాను.

ముందు అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లని అడగండి. "అమ్మగారూ, ఇల్లు బాగుందండి, ఫోటో తీసుకోవచ్చా" అంటే చాలామంది కాదనరు, మజ్జిగ కూడా ఇస్తారు. వద్దంటే వచ్చేయండి. తర్వాత వీధిలోంచి ఇల్లు మొత్తం ఒకటి. ఆ తర్వాత దగ్గరకి వెళ్లి ద్వారబంధం, గొళ్లెం, కిటికీ ఊచలు, స్తంభం పైభాగం, మొదలు, దూలం, చూరు, గూడు, నేల. చెక్కడం పక్కన మీ చెయ్యి పెట్టి ఇంకోటి తీయండి, సైజు తెలుస్తుంది. ఏ వీధి, ఏ దిక్కు గుమ్మం, ఇల్లు ఎప్పటిదని ఇంట్లోవాళ్లు చెప్తున్నారు, ఇవి నోట్స్‌లో రాసుకోండి. ఒరిజినల్ ఫైల్ దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, తేదీ టైమ్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు మా స్తంభం దగ్గరకి మళ్లీ వస్తాను. నాలుగు రోజులు వెతగ్గా ఒక సంక్రాంతి సెల్ఫీ దొరికింది. ముందు నేనూ, మా చెల్లీ, మావయ్య కొడుకూ పళ్లికిలిస్తున్నాం. మా భుజాల సందులోంచి వెనకాల స్తంభం మొదలు కనిపిస్తోంది, మసగ్గా. దాని మీద ఒక ఎండపొడ. జూమ్ చేసి అమ్మమ్మ చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "పదకొండు దాటింది రా. ఎసరు పెట్టే వేళ" అంది. ఫోటో వివరాలు తెరిచి చూశాను. 11:17.

నా దగ్గర మిగిలింది ఆ ఒక్క మసక ముక్కే. చిలకల గుమ్మం ఇక దొరకదు. మీ అమ్మమ్మ ఇల్లు, మీ వీధి చివర పెంకుటిల్లు ఇంకా నిలబడే ఉంటే, ఈ ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా అక్కడుండండి. ఒక్క సెల్ఫీ తీసుకోండి, తప్పు లేదు. తర్వాత కెమెరా అటు తిప్పండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.