ఒకజాకి తునకలు

జీవశాస్త్ర గ్రంథాలలో ‘ఒకజాకి తునకలు’ అన్న మాట చదివి, అది ఒక్క మనిషి పేరే అనుకొని సాగిపోతాము. నిజానికి అది ఒక దంపతుల పేరు.

కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది. ప్రతి నకలులోనూ ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయని 1958లో మెసెల్సన్, స్టాల్ నిరూపించారు. అయినా ఒక చిక్కు మిగిలింది. జంట పోగులు రెండూ ఎదురెదురు దిశలలో సాగుతాయి. కొత్త పోగును అల్లే ఎంజైము మాత్రం ఒకే దిశలో నడుస్తుంది. మరి రెండవ పోగు తయారయ్యేది ఎట్లా?

జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో రెయిజి ఒకజాకి, ఆయన భార్య త్సునెకో, వారి సహచరులు బ్యాక్టీరియాకు రేడియోధార్మిక థైమిడిన్‌ను కొద్ది క్షణాలు మాత్రమే అందించి చూశారు. ఆ క్షణాలలో పుట్టిన డీఎన్‌ఏ వేయి, రెండు వేల అక్షరాల పొట్టి తునకలుగా కనిపించింది. రెండవ పోగు ముక్కలు ముక్కలుగా తయారవుతుంది. ఆ ముక్కలను లైగేజ్ అనే ఎంజైము అతుకుతుంది. ఈ ఫలితాలను 1968లో ప్రకటించారు.

రెయిజి 1930లో హిరోషిమాలో జన్మించారు. పద్నాలుగేళ్ళ వయసులో అణుబాంబు రేడియేషన్‌కు గురయ్యారు. 1975లో, నలభై నాలుగవ ఏట, ల్యుకేమియాతో మరణించారు.

త్సునెకో పరిశోధన ఆపలేదు. ప్రతి తునకా ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో మొదలవుతుందని, తరువాత అది తొలగిపోతుందని రెయిజి ఉండగా మొదలైన వాదాన్ని ఆమె బలమైన ఆధారాలతో స్థిరపరిచారు. 2021లో జపాను ప్రభుత్వం ఆమెను ‘ఆర్డర్ ఆఫ్ కల్చర్’తో సత్కరించింది.

ఇకమీదట ఆ పేరు చదివినప్పుడు ఇద్దరినీ తలచుకోవాలి.