స్టార్ లేబుల్ చదవడం ఎలా? ఇంటికీ రేటింగ్ ఉంటుందా?

నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఎండాకాలం వచ్చిందంటే కూలర్లు, ఏసీల షాపుల ముందు జనమే జనం. చాలామంది ధర చూస్తారు, స్టార్లు లెక్కపెడతారు, కొనేస్తారు. కానీ అసలు విషయం స్టార్ల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లేబుల్ ఎవరిస్తారు?
2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బీఈఈ అనే కేంద్ర సంస్థ 2006లో ఈ లేబుళ్ల పథకం ప్రారంభించింది. 1 నుంచి 5 స్టార్లు ఉంటాయి. ఎక్కువ స్టార్లుంటే తక్కువ కరెంటు. ఏసీలు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లతో పాటు 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ లేబుల్ తప్పనిసరి.

ఏం చూడాలి?
మొదట, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందన్న అంకె. ఏసీకి ఈ లెక్క 1600 గంటల వాడకం మీద వేసింది. అంతకు మించి నడిపితే బిల్లూ పెరుగుతుంది. రెండోది, లేబుల్ కాలపరిమితి. ప్రమాణాలను అప్పుడప్పుడు కఠినం చేస్తారు కాబట్టి పాత స్టాకులోని 5 స్టార్, కొత్త 5 స్టార్ ఒకటి కావు.

ఫ్యాన్ లెక్క
75 వాట్ల పాత ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 14 లోపే. మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు 60 యూనిట్లు మిగులుతాయి. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబుల రేటు ఎక్కువ కాబట్టి, తగ్గేవి ఖరీదైన యూనిట్లే.

ఇంటికి సర్టిఫికెట్
ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదన్నది దాని ప్రమాణం. కానీ అది 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు, ఆపై స్థలాల్లోని కట్టడాలను ఉద్దేశించింది. రెండు, మూడు సెంట్లలో కట్టే ఇళ్లు దాని లెక్కలోకి రావు.

అలాగని చేయాల్సిందేమీ లేదని కాదు. పాత మట్టి మిద్దెల్లో మందపాటి కప్పు వేడిని ఆపేది. ఇప్పటి పలుచని స్లాబు ఆపదు. స్లాబుపై తెల్లటి కూల్ పెయింట్, పడమటి కిటికీకి సజ్జ, ఎదురెదురు కిటికీలు ఉంటే ఏసీపై భారం తగ్గుతుంది. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచితే ఇంకొంత ఆదా.

ఇల్లు కట్టేవాళ్లు ఈ మాట మేస్త్రీకి స్లాబు పడకముందే చెప్పాలి.