పుల్లెల గోపీచంద్: ఆట, మోకాలి గాయాలు

పుల్లెల గోపీచంద్ (జననం 1973 నవంబరు 16) భారత మాజీ బ్యాడ్మింటన్ క్రీడాకారుడు, శిక్షకుడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ పురుషుల సింగిల్స్ టైటిల్ గెలిచాడు. ప్రకాశ్ పదుకోన్ 1980లో గెలిచాక ఆ టైటిల్ మళ్లీ ఒక భారతీయుడికి దక్కడానికి 21 ఏళ్లు పట్టింది. ఇరవై ఏళ్ల వయసులోనే గోపీచంద్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆటగాడిగా అతను గెలిచిన పెద్ద టైటిళ్లన్నీ ఆ తర్వాతివే.

అతను పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. తండ్రి బ్యాంకు ఉద్యోగి. చిన్నప్పుడు మనసు క్రికెట్ మీద ఉన్నా, అన్న ప్రోత్సాహంతో షటిల్ పట్టాడు. హైదరాబాదులో హమీద్ హుస్సేన్ దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర లాల్ బహదూర్ స్టేడియంలో ఆట నేర్చుకున్నాడు. ఏవీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో భారత విశ్వవిద్యాలయాల జట్టుకు నాయకత్వం వహించాడు. బెంగళూరులో ప్రకాశ్ పదుకోన్ దగ్గర, గంగూలీ ప్రసాద్ దగ్గర శిక్షణ ఆ తర్వాతి అధ్యాయం.

1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలు దెబ్బతింది. తెగింది ముందరి క్రూసియేట్ లిగమెంట్. తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కీలు లోపల ఏటవాలుగా కలిపే గట్టి పట్టీ అది. కింది ఎముక ముందుకు జారకుండా, శరీరం తిరిగినప్పుడు మోకాలు మెలిపడకుండా పట్టి ఉంచడం దాని పని. పూర్తిగా తెగితే మామూలుగా దానంతటది అతుక్కోదు. అందుకే ఆటగాళ్లకు మోకాలి చిప్ప కింది స్నాయువు నుంచో, తొడ వెనక స్నాయువు నుంచో ముక్క తీసి కొత్త పట్టీగా అమరుస్తారు. శస్త్రచికిత్స తర్వాత తొడ కండరాలకు బలం తిరిగి రావాలి, కాలు నేల మీద ఆనేటప్పుడు తడబాటు పోవాలి. దీనికంతా నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

పరుగు మధ్యలో హఠాత్తుగా ఆగి దిక్కు మార్చే ఆటలన్నిటిలోనూ ఈ గాయం భయం ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్ అందుకోవడానికి పరుగెత్తే రిసీవర్లు ఎందరో దీనివల్ల సీజన్లకు సీజన్లు పోగొట్టుకున్నారు. అక్కడ ప్రత్యర్థులు మీద పడతారు. బ్యాడ్మింటన్‌లో మధ్యన నెట్ ఉంటుంది, తగిలే ప్రత్యర్థి ఉండడు. అయినా మోకాలికి విశ్రాంతి లేదు. కుడిచేతి ఆటగాడు వెనక ఎడమ మూలకు ఎగిరి, తల మీదుగా షటిల్‌ను కొట్టి, ఎడమ కాలి మీద ఒంటరిగా దిగుతాడు. శరీర బరువంతా ఒక్క కీలు మీద పడే క్షణం అది. మరుక్షణమే నెట్ దగ్గరికి పెద్ద అంగ వేయాలి. అప్పట్లో సర్వీసు చేసినవాడికే పాయింటు వచ్చే 15 పాయింట్ల పద్ధతి ఉండేది. స్కోరు కదలకుండానే ర్యాలీల మీద ర్యాలీలు సాగేవి. ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే 21 పాయింట్ల పద్ధతి 2006లో గానీ రాలేదు.

గోపీచంద్ మోకాలికి ఒకటి కాదు, ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. కీలు లోపలి శస్త్రచికిత్స, క్రీడాకారుల పునరావాస చికిత్స మన దేశంలో అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న కాలమది. అతని కథను కష్టానికి దక్కిన ఫలితంగా చెప్పుకోవడం మామూలే. అయితే గాయం అతని క్రీడాజీవిత కాలాన్ని కూడా నిర్ణయించిందన్న సంగతి మరుగున పడుతుంటుంది. ఇరవై నుంచి ఇరవై రెండు దాకా, అంటే ఆట పదునెక్కాల్సిన వయసులో, అతను ఎక్కువగా కోర్టుకు దూరంగానే గడిపాడు.

1996లో తొలిసారి జాతీయ సింగిల్స్ చాంపియన్ అయ్యాడు. 2000 వరకు వరసగా ఐదేళ్లు ఆ టైటిల్‌ను వదల్లేదు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల జట్టుతో రజతం, సింగిల్స్‌లో కాంస్యం సాధించాడు. 1999లో తులూజ్, స్కాటిష్ ఓపెన్లు గెలిచాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. 2000లో జకార్తాలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం నెగ్గాడు. అదే ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండొనేసియా ఆటగాడు హెండ్రావాన్ చేతిలో ఓడాడు. హెండ్రావాన్ ఆ పోటీల్లో రజతం దాకా వెళ్లాడు.

2001 మార్చిలో బర్మింగ్‌హామ్ చేరినప్పుడు గోపీచంద్ వయసు 27. టైటిల్ అతనిదేనని అనుకున్నవాళ్లు తక్కువ. రొనాల్డ్ సుసిలో, కొలిన్ హాటన్, డెన్మార్క్ ఆటగాడు ఆండర్స్ బోసెన్ ఒకరి తర్వాత ఒకరు ఓడాక సెమీఫైనల్లో పీటర్ గేడ్ ఎదురయ్యాడు. అప్పటి ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాళ్లలో అతనొకడు. గోపీచంద్ 17-14, 17-15తో నెగ్గాడు. రెండు గేముల్లోనూ 14 దగ్గర సమమై అదనపు పాయింట్ల దాకా వెళ్లిన ఆట ఇది. ఆ టోర్నీలో అసలు పరీక్ష ఇదేననడం తప్పు కాదు. మార్చి 11న జరిగిన ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. ఆ తర్వాత రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న పురస్కారం వచ్చింది. శీతల పానీయాల ప్రకటనకు వచ్చిన అవకాశాన్ని, తాను తాగనిది ఇతరులను తాగమనలేనంటూ కాదన్నాడు.

ఆ విజయం తర్వాత మరో పెద్ద టైటిల్ రాలేదు. గాయాలు మళ్లీ వెంటాడాయి. ముప్ఫై నిండేనాటికి అతని దృష్టి శిక్షణ వైపు మళ్లింది. అకాడమీ కోసం 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. నిర్మాణానికి డబ్బు చాలక గోపీచంద్ తన ఇంటిని తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్ల రూపాయలు విరాళమిచ్చాడు. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2006 నుంచి జాతీయ ప్రధాన శిక్షకుడిగా కూడా గోపీచంద్ పనిచేశాడు. 2009లో ద్రోణాచార్య అవార్డు, 2014లో పద్మభూషణ్ ఈ పనికి దక్కిన గుర్తింపులు.

ఇక్కడ తయారైన వాళ్లలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం గెలిచారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పారుపల్లి కశ్యప్‌కు స్వర్ణం వచ్చింది. 2017లో కిడాంబి శ్రీకాంత్ ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు నెగ్గాడు.

గాయాలు వీళ్లనూ వదల్లేదు. కశ్యప్‌ను మోకాలి గాయం 2016 రియో ఒలింపిక్స్‌కు దూరం చేసింది. అదే రియోకు సైనా దెబ్బతిన్న మోకాలితో వెళ్లి గ్రూపు దశలోనే ఓడింది, తిరిగొచ్చాక శస్త్రచికిత్స చేయించుకుంది. అప్పటికి ఆమె బెంగళూరులో విమల్ కుమార్ దగ్గర శిక్షణ పొందుతోంది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికి వచ్చింది, 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సింధును ఓడించి స్వర్ణం గెలిచింది. సింధు 2022 కామన్వెల్త్ స్వర్ణాన్ని ఎడమ పాదం నొప్పితోనే గెలిచింది. తర్వాత ఎముకలో సన్నని పగులు బయటపడి, ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది. సైనా విషయంలో శస్త్రచికిత్స పూర్తి పరిష్కారం కాలేదు. మోకాళ్లలో కీళ్లవాతం ఉందని, మృదులాస్థి బాగా దెబ్బతిన్నదని 2024లో ఆమే వెల్లడించింది.