గుండ్లకమ్మ నుండి నేటాలు దాకా

నేటాలు తోటలకు కూలీలుగా వచ్చిన మన పూర్వులలో క్రైస్తవులు కొందరే. అయినా వారి చరిత్ర మనమందరం తెలుసుకోదగినది.

1866లో ఒంగోలు సీమకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. ఆయన మాట విని అనేక పల్లెల మాదిగలు క్రీస్తును నమ్మారు. ఆదివారం వెట్టికి రామన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. అందుకు వారిని కొట్టారు, నూతులలో నీళ్ళు తోడుకోనివ్వలేదు. అయినా వారు వెనక్కు తిరగలేదు.

1876-78 కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపాడు. గింజల కోసం మతంలో చేరారనే మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

తెలుగు బాప్తిస్టులు కొందరు కూలీలుగా నేటాలు చేరారు. తమకొక బోధకుణ్ణి పంపమని స్వదేశానికి వ్రాశారు. అక్కడి తెలుగు సంఘాలే 1903లో జాన్ రంగయ్యగారిని పంపాయి. ఆ డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో సంఘం ఏర్పడింది.

విశ్వాసం వల్ల వారి కష్టాలు తీరలేదు. ఒప్పందం ముగిసినవారిపై వేసిన మూడు పౌన్ల పన్ను 1914 దాకా పోలేదు. కాని తోట లెక్కలలో ఒక నెంబరుగా ఉన్న మనిషిని సంఘంలో పేరు పెట్టి పిలిచారు, తెలుగులో ప్రార్థించనిచ్చారు. ఆ బలంతోనే వారు నిలిచారు.

హారోలో ఉన్న మనం, ఏ మతం వారమైనా, మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.