స్థానికత్వము (విశ్వవిద్యాలయ ప్రవేశము)

ప్రభుత్వధనముతో పోషింపబడు విద్యాలయములందు సీట్లకును రుసుము రాయితీలకును రాష్ట్రవాసియై యుండుట అర్హతగా నెంచబడినపుడు, ఆ అర్హతకు స్థానికత్వమని పేరు. చెన్నపురి గిండీలోని అన్నా విశ్వవిద్యాలయ కళాశాలలు మున్నగువాని ఇంజనీరింగు ప్రవేశములలో, ఎనిమిదవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు తమిళనాటనే చదివిన విద్యార్థికి వేరుగా ధ్రువపత్ర మక్కరలేదు. ఆ యైదు తరగతులలో దేనినైనను పరరాష్ట్రమున చదివిన తమిళనాటివాడు మాత్రము రెవెన్యూ అధికారుల యొద్ద స్థానికతా ధ్రువపత్రమును పొంది సమర్పింపవలెను.

నివాసమునుబట్టి రుసుములందు భేదము పాటింపవచ్చునా యను ప్రశ్న 1955లో డి.పి. జోషి వ్యాజ్యమున సుప్రీం కోర్టు ఎదుటికి వచ్చెను. ఇండోరు వైద్యకళాశాల నాటి మధ్యభారత రాష్ట్రవాసులను క్యాపిటేషను రుసుమునుండి మినహాయించుట జన్మస్థలమునుగాక నివాసమును ఆధారముగా గొన్నది గనుక, అది రాజ్యాంగవిరుద్ధము కాదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి.

ఆంధ్రప్రదేశమున రాజ్యాంగపు 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, నూటికి 85 సీట్లను స్థానికులకు కేటాయించి, అర్హతపరీక్షతో ముగియు నాలుగు వరుస విద్యాసంవత్సరముల చదువును ప్రధాన ప్రమాణముగా గైకొనెను. కావున బాల్యమునుండియు చెన్నపురి బడులలోనే చదివిన తెలుగుబిడ్డ సాధారణముగా ఆంధ్రప్రదేశమున స్థానికేతరుడే యగును. ఉద్యోగార్థము రాష్ట్రములు మారు తలిదండ్రులు ప్రతి బడినుండియు స్టడీ సర్టిఫికెట్టును సకాలమున గైకొని భద్రపరచుట బిడ్డల భవిష్యత్తునకు మిక్కిలి శ్రేయస్కరము.